అది పాలపిట్ట పిల్ల కాదు, నవరంగ్. ముందు పంజరంలోంచి తీయండి

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థం కావాలి కదా. అచ్చంపేట దగ్గర ఊరు, అక్టోబర్ మొదటి వారం, పొద్దున ఐదున్నరకు వాకిలి ఊడ్వడానికి లేచిన మీ నాయనమ్మకు వరండాలో గ్రిల్లు పక్కన ఒక రంగురంగుల పిట్ట ఒళ్ళంతా ఉబ్బించుకుని కూర్చుని కనిపించింది. అదిలించినా ఎగరలేదు, చేతికి దొరికింది. పక్కింటాయన పాలపిట్ట పిల్ల అన్నాడు, దసరా దాకా పంజరంలో ఉంచితే ఊళ్ళో అందరూ చూసుకుంటారు అని పంజరం కూడా తెచ్చిచ్చాడు. నాయనమ్మకేమో అడవి పిట్ట ఇంట్లోకి రావడం మంచిదా చెడ్డదా అని టెన్షన్. మీరు ఫోటో పెట్టి ఇది ఏం పిట్ట, ఏం పెట్టాలి, ఏం చెయ్యాలి అన్నారు.

నేను జువాలజీ చెప్పి రిటైర్ అయిన మనిషిని, పాతికేళ్ళకు పైగా నల్లగొండ, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల పిట్టల వెంట తిరుగుతున్నాను. ఈ పిట్ట గురించి ఎవరైనా అడిగితే నాకు నోరు ఆగదు, కాబట్టి సమాధానం పొడుగ్గానే ఉంటుంది. అర్జెంటు పని మాత్రం ముందు రాస్తాను.

పంజరంలోంచి తీసేయండి. పంజరంలో వెలుగు కనిపిస్తుంటే పిట్ట ఊచలకు కొట్టుకుంటుంది, ముక్కు మొదట్లో తోలు లేచిపోతుంది, రెక్క ఈకలు విరుగుతాయి. చెప్పుల డబ్బా కన్నా కాస్త పెద్ద అట్టపెట్టె ఒకటి తీసుకోండి, మూతకు పెన్సిల్ దూరేంత చిల్లులు ఐదారు పొడవండి, అదీ పిట్టను లోపల పెట్టకముందే. అడుగున పాత నూలు తువ్వాల పరవండి, దారాలు వేలాడేది వద్దు, కాళ్ళకు చుట్టుకుంటాయి. పిట్టను లోపల పెట్టి మూత వేసి ఇంట్లో చప్పుడు లేని చీకటి గదిలో పెట్టండి. పిల్లల్ని, పిల్లిని, ఫోన్ కెమెరాని మూడింటినీ దూరం ఉంచండి. పది నిమిషాలకోసారి మూతెత్తి చూడొద్దు, చూసిన ప్రతిసారీ దానికి గుండె ఆగినంత పని అవుతుంది. రెండు గంటలు వదిలేయండి. చీకట్లో పిట్టలు శాంతపడతాయి, అంతకు మించిన మందు మన చేతిలో లేదు.

నోట్లో నీళ్ళు పోయొద్దు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నేను పోశాను. అప్పుడు నల్లగొండలో అద్దింట్లో ఉండేవాణ్ణి, ఉద్యోగంలో చేరిన కొత్త. ఇలాగే పొద్దున్నే ఒక నవరంగ్ కిటికీ కింద దొరికింది. పాపం ఎంత దూరం ఎగిరొచ్చిందో అని కంట్లో మందు వేసుకునే డ్రాపర్‌తో చక్కెర నీళ్ళు కలిపి ముక్కు తెరిచి రెండు చుక్కలు, మళ్ళీ రెండు చుక్కలు. పిట్ట ఒక్కసారి తల విదిలించింది, ముక్కులోంచి బుడగ వచ్చింది, పది నిమిషాల్లో నా అరచేతిలోనే మెడ వాల్చేసింది. పిట్టకు ఊపిరి గొట్టం మొదలు నాలుక వెనకే ఉంటుంది, మనం పోసే నీళ్ళు నేరుగా అందులోకే పోతాయి. జువాలజీలో పీజీ చేసిన మనిషిని, డిసెక్షన్ ట్రేలో ఆ చిల్లు ఎన్నిసార్లు చూశానో, అయినా ఆ పూట గుర్తుకు రాలేదు. దాహమైతే లేచి తిరిగాక అదే తాగుతుంది, సీసా మూతలో నీళ్ళు పెట్టెలో ఒక మూలన పెడితే చాలు.

బియ్యం, జొన్నలు, అన్నం మెతుకులు వేయొద్దు, గింజలు తినే పిట్ట కాదు. వదిలేది సాయంత్రమే కాబట్టి పెరట్లో తడి మట్టి తవ్వి నాలుగు వానపాములు తీసి ఇంకో సీసా మూతలో వేయండి, తింటే తింటుంది, తినకపోయినా ఒక్క పగలుకు ఏం కాదు. రెక్క ఒకటి కిందికి వేలాడుతున్నా, కాలు నిలవకపోయినా, పిల్లి పళ్ళు దిగాయని ఏ కాస్త అనుమానం ఉన్నా మాత్రం ఇంట్లో పెట్టుకోకుండా పశువుల డాక్టర్ దగ్గరకో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకో తీసుకెళ్ళండి. పిల్లి కాటు పైకి చిన్నగా కనిపిస్తుంది గానీ లోపల చీము పట్టి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది.

ఇక అది ఏం పిట్ట అంటే, మీ ఫోటోలో అనుమానానికి చోటే లేదు. హిందీలో నవరంగ్ అంటారు, మన వైపు కూడా తెలిసినవాళ్ళు ఆ పేరే వాడతారు. తెలుగులో పొన్నంకి పిట్ట అనే పేరు ఉంది గానీ ఎవరి నోటా వినను, పుస్తకాల్లో తప్ప. ఇంగ్లీషులో ఇండియన్ పిట్ట. అవును, పిట్ట అనే. ఆ సంగతి కిందికి వస్తుంది.

పాలపిట్ట పిల్ల ఎందుకు కాదంటే, పాలపిట్ట ఎండాకాలంలో, మార్చి నుంచి జూన్ మధ్యలో, చెట్టు తొర్రలో పిల్లల్ని చేస్తుంది. అక్టోబర్ వచ్చేసరికి ఆ పిల్లలు తల్లంత అయి కరెంటు తీగల మీద కూర్చుంటాయి. పైగా పాలపిట్ట జానెడు కన్నా పొడుగు, ముప్పై సెంటీమీటర్లు దాటుతుంది. మీ దగ్గరున్నది ముక్కు నుంచి తోక దాకా పదిహేను నుంచి పంతొమ్మిది, గోరింక కన్నా చిన్నది, తోక కోసేసినట్టు ఉంటుంది. కాళ్ళు చూడండి, పాలపిట్టవి పొట్టి కాళ్ళు, దీనివి కోడిపిల్లకు మల్లే పొడుగ్గా గులాబీ రంగులో బలంగా ఉంటాయి, ఎందుకంటే దీని బతుకంతా నేల మీదే. రెక్క మీద నీలం చూసి మీ పక్కింటాయన మోసపోయాడు. లకుముకి పిట్ట అనుకునేవాళ్ళు కూడా ఉంటారు, దానికి ఎర్రటి పొడుగు ముక్కు ఉంటుంది కాబట్టి అదీ కాదు.

నవరంగ్ అన్నారు కదా అని నేను ఒకసారి నిజంగానే లెక్కపెట్టాను. నెత్తి లేత గోధుమ రంగు, దాని నడిమధ్య పాపిట తీసినట్టు ఒక నల్ల చార. కన్ను మీదుగా మెడ దాకా దొంగ ముసుగు లాంటి నల్ల పట్టీ, దాని పైన సన్నని తెల్ల గీత. గొంతు తెలుపు. వీపు వానాకాలపు వరి మడి పచ్చ. రెక్క భుజం దగ్గర మెరిసే నీలం, తోక పైన కూడా అదే నీలం. రొమ్ము పసుపు కలిసిన మట్టి రంగు. పొట్ట కింద, తోక మొదట్లో, నిండు కుంకుమ ఎరుపు. కాళ్ళ గులాబీ కలిపినా నాకు ఎనిమిది దాటలేదు, తొమ్మిదోది లెక్కపెట్టిన మహానుభావుడు ఎవరో గానీ వాడి కళ్ళకు దండం. ఆడదీ మగదీ ఒకేలా ఉంటాయి కాబట్టి మీది ఏదో చెప్పలేను.

ఇన్ని రంగులు పెట్టుకుని ఇది ఎవరికీ కనబడదు, ఈ పిట్టలో నాకు నచ్చిన తమాషా అదే. పై నుంచి డేగ చూస్తే పచ్చటి వీపు, అంతే. ఎర్రదంతా కిందికి ఉంటుంది. ఆకుల నీడలో కదలకుండా నిలబడితే మీరు నాలుగడుగుల దూరంలో నడిచిపోతారు, చూడరు. ఎగిరినప్పుడు మాత్రం నల్లటి రెక్కల్లో తెల్ల మచ్చ ఒక్క క్షణం మెరుస్తుంది, ఆ మెరుపు కూడా పొదలోకి దూరిపోయాక మనకు అనుమానమే మిగులుతుంది.

మరి అంత దాక్కునే పిట్ట మీ వరండాలోకి ఎందుకొచ్చింది? రాత్రిపూట ప్రయాణం చేస్తుంది కాబట్టి. ఇది వలస పిట్ట, కానీ సైబీరియా నుంచి వచ్చే బాతుల లాంటిది కాదు, మన ఉపఖండం లోపలే తిరుగుతుంది. వానాకాలంలో హిమాలయాల కింది కొండల్లో, పాకిస్తాన్ ఉత్తరాన మర్గల్లా కొండల నుంచి నేపాల్ దాకా, ఇటు మధ్య భారతం అడవుల్లో, పడమటి కనుమల్లో కర్ణాటక దాకా పిల్లల్ని పెడుతుంది. వానలు తగ్గాక సెప్టెంబర్, అక్టోబర్‌లలో దక్షిణానికి, శ్రీలంక దాకా దిగుతుంది. మళ్ళీ ఏప్రిల్, మే నెలల్లో పైకి పోతుంది. మన పాలమూరు, నల్లగొండ దానికి దారి మధ్య ఊళ్ళు. బరువు 47 నుంచి 66 గ్రాములు, అంటే కోడిగుడ్డు ఒకటి రెక్కలు కట్టుకుని రాత్రంతా ఎగురుతోందనుకోండి. మబ్బు పట్టినప్పుడు, వాన పడ్డప్పుడు కింది దీపాలకు దారి తప్పి దిగుతుంది, అద్దానికో గోడకో తగులుతుంది, లేదా ఒంట్లో ఓపిక అయిపోయి దొరికిన చోట వాలిపోతుంది. నగరాల్లో బాత్‌రూముల్లో, మెట్ల కింద, ఆఫీసు కారిడార్లలో దొరికేది ఇందుకే. మా కాలేజీ హాస్టల్ వరండాలో రాత్రంతా వెలిగే ట్యూబ్‌లైట్ల వరస ఉండేది, అక్టోబర్‌లో తెల్లారి వాచ్‌మన్ నాకు కబురు పంపేవాడు, సార్ మీ పిట్ట వచ్చింది అని, ఏదో నా మేనకోడలు వచ్చినట్టు. నిన్న రాత్రి మీ వరండా లైటు వెలిగే ఉందా? ఉండి ఉంటుందని నా అనుమానం. ఈ నెల్లాళ్ళు పడుకునే ముందు ఆర్పేయండి.

దసరా పంజరం గురించి ఒక్క మాట, మీ పక్కింటాయనతో గొడవ పెట్టడానికి కాదు. పండగ నాడు పాలపిట్టను చూడాలన్న మన ఆచారంలో తప్పేం లేదు, జమ్మి కొట్టి ఊరి చివర పొలాల్లోకి నడిచి తీగ మీదో మోడు మీదో ఉన్న పిట్టను చూసి దండం పెట్టుకోవడం ఎంత బాగుంటుంది. దాన్ని పట్టి రెక్కలు కట్టి పంజరంలో ఇల్లిల్లూ తిప్పి పది రూపాయలు అడగడం ఎప్పుడు మొదలైందో గానీ, అలా తిరిగిన పిట్టల్లో చాలా వాటికి మళ్ళీ ఎగిరే యోగం ఉండదు. అది మన రాష్ట్ర పక్షి, ఇంకా చెప్పాలా. పాలపిట్టనైనా నవరంగ్‌నైనా పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఆయనకు చట్టం పేరు చెప్పకుండానే, ఇది వేరే పిట్ట, దసరాకు దీనికీ సంబంధం లేదు అంటే సరిపోతుంది.

ఇప్పుడు పేరు సంగతి. 1764లో జార్జ్ ఎడ్వర్డ్స్ అనే ఇంగ్లీషాయన ఈ పిట్ట బొమ్మ అచ్చువేసి పొట్టితోక మాగ్‌పై (కాకికి చుట్టం) అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ బొమ్మను, దాని వర్ణనను పట్టుకుని 1766లో లిన్నేయస్ దీనికి శాస్త్రీయ నామం ఇచ్చాడు, ఇచ్చి దీన్ని ఎవరి కుటుంబంలో వేశాడంటే, కాకుల్లో. కార్వస్ బ్రాకియూరస్, అంటే పొట్టితోక కాకి. బొమ్మను చూసి పెళ్ళి సంబంధం ఖాయం చేస్తే ఇలాగే ఉంటుంది. పదేళ్ళకు ఇంకొకాయన కాకుల్లోంచి తీసి వేరే గుంపులో కలిపాడు. చివరికి 1816లో వియో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వీటికి విడిగా ఒక ప్రజాతి పెట్టాడు, దాని పేరు పిట్ట. మన తెలుగు మాటే. మనం చిన్న పక్షి దేన్నైనా పిట్ట అంటాం, పిచ్చుకా పిట్టే, తేనెపిట్టా పిట్టే, కానీ ప్రపంచానికి పిట్ట అంటే ఈ కుటుంబమే. నలభైకి పైగా జాతులు ఉన్నాయి, ఆఫ్రికాలో రెండు, మిగతావి ఆసియా నుంచి ఆస్ట్రేలియా దాకా. ఒడిశా భితరకనిక మడ అడవుల్లో ఉండేది మాంగ్రోవ్ పిట్ట. ఆస్ట్రేలియా వాళ్ళకు రెయిన్‌బో పిట్ట ఉంది. టీవీలో ఎవడో తెల్లాయన బోర్నియో అడవిలో గుసగుసగా పిట్టా పిట్టా అంటుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, వీడికి తెలుగెట్లా వచ్చింది అంది. ఇంత జరిగి, ఈ పిట్ట పుట్టినింటి పేరు మోసుకుని దేశాలు తిరుగుతుంటే, మన ఊళ్ళో వరండాలో పడితే పాలపిట్ట పిల్ల అంటున్నాం. నాకు కొంచెం బాధగా ఉండదా చెప్పండి.

మీరు పాటలు పాడే పిట్టేనా అని కూడా అడిగారు. శాస్త్రం లెక్కన సగం అవును, సగం కాదు. కొమ్మను పట్టుకుని కూర్చునే పక్షుల పెద్ద కుటుంబంలో రెండు వంశాలు ఉన్నాయి. గొంతులో పాటపెట్టె బాగా ఎదిగి, తల్లిదండ్రుల దగ్గర విని పాట నేర్చుకునేవి ఒక వంశం, వాటినే పాటల పిట్టలంటారు. పిగిలిపిట్ట, గిజిగాడు, తేనెపిట్ట అన్నీ అందులోవే. నవరంగ్ రెండో వంశం, దాయాదుల్లాంటిది, ఆ పాటపెట్టె సాదాగా ఉంటుంది. తమాషా ఏంటంటే మన కాకి ఆ పాటల వంశంలో అసలు సిసలు సభ్యురాలు, కోకిల అసలు ఆ కుటుంబంలోనే లేదు. మన కవులకు ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడమే మంచిదయింది.

కానీ గొంతు వింటే మీకు ఈ వంశాల గోల గుర్తుండదు. రెండు ముక్కల ఈల. మొదటిది పైకి లాగుతుంది, రెండోది ఠక్కున కిందికి పడేస్తుంది, వీట్... ట్యూ. ఒక్కోసారి మూడు ముక్కలు. బస్టాండ్‌లో దూరంగా ఉన్న దోస్తును పిలిచే కుర్రాడి ఈల ఉంటుంది చూడండి, అట్లా. పిలిచేటప్పుడు నిటారుగా నిలబడి తల వెనక్కి వాల్చి ముక్కు ఆకాశానికి ఎత్తుతుంది, గొంతు తెలుపు ఉబ్బుతుంది, రెండో ముక్కతో పాటు ఒళ్ళంతా ఒక కుదుపు. పిట్ట కొంచెం కూత ఘనం అన్న మాట దీన్ని విని పుట్టిందేమో అనిపిస్తుంది. పొద్దున ఇంకా చీకటి విడవకముందు, మళ్ళీ సాయంత్రం దీపాల వేళ ఎక్కువగా పిలుస్తుంది. అందుకే తమిళులు దీన్ని ఆరుమణి కురువి అంటారు, ఆరు గంటల పిట్ట. ఎంత చక్కని పేరు, రంగుల జోలికి పోకుండా గడియారం పెట్టేశారు. సింహళంలో వేరే కథ ఉంది, నెమలి దీని అందమైన ఈకల చీర కొట్టేసిందట, అప్పటి నుంచి నా చీర నా చీర అని ఏడుస్తూ తిరుగుతోందట. ఇన్ని రంగులున్నా ఇంకా పోయినదాని గురించే ఏడుస్తోందంటే అచ్చం మన చుట్టాల్లాగే ఉంది.

దీన్ని తీరుబడిగా చూసింది నేను ఒకటే సారి, కొల్లాపూర్ వైపు ఒక మామిడి తోటలో, ఏప్రిల్ చివర, కాయలు కోతకు వచ్చిన రోజులు. పంపుసెట్టు పైపు కారి ఒక చెట్టు కింద తడి ఉంది, దాని మీద ఎండుటాకులు మందంగా పడి ఉన్నాయి. నేను మంచం మీద పడుకుని ఉన్నాను. ముందు చప్పుడు వినిపించింది, చర్ర్ మని ఆకు తిరగేసిన చప్పుడు, తర్వాత మౌనం, మళ్ళీ చర్ర్. తొండేమో అనుకున్నా. చూస్తే ఇది. రెండు గెంతులు వేస్తుంది, ఆగుతుంది, పొట్టి తోకను మెల్లగా కిందికీ పైకీ ఊపుతుంది, తల ఒక పక్కకు వంచి నేల మీద చెవి పెట్టినట్టు చూస్తుంది. ముక్కుతో ఒక ఆకు అంచు పట్టి పక్కకు విసిరేస్తుంది, మా అమ్మ విస్తళ్ళు తిరగేసినట్టు. దాని కింద పురుగు ఉంటే ఒక్క పోటు. వానపాము దొరికింది, సగం నేలలోనే ఉంది, కాళ్ళు తన్నిపెట్టి వెనక్కి వాలి లాగింది, తెగకుండా మెల్లగా, రబ్బరు లాగినట్టు లాగి, తీసుకుని ఎండలోకి రాకుండా నీడలోనే మింగింది. ఇరవై నిమిషాలు. ఆ తర్వాత తోట కాపరి సెల్‌ఫోన్ మోగింది, పిట్ట లేదు.

ఆకుల కింద పురుగు ఎలా తెలుస్తుందో అప్పుడు నాకు అర్థం కాలేదు. కన్ను, చెవి పనిచేస్తాయి సరే, ముక్కు కూడా అనుమానించాలి. ఇరవై ఐదు రకాల కొమ్మపిట్టల మెదళ్ళు పోల్చి చూస్తే వాసన పట్టే భాగం అన్నింటికన్నా పెద్దదిగా ఉన్నది ఈ నవరంగ్‌కేనని తేలింది. పిట్టలకు వాసన తెలియదని మేం చదువుకున్న రోజుల్లో పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాం.

గూడు నేను కళ్ళారా చూడలేదు, మన వైపు అది ప్రయాణంలో ఉన్నప్పుడే దొరుకుతుంది కాబట్టి. మధ్య భారతంలో జూన్‌లో, ఉత్తరాన జూలైలో, వానలు పడి నేల మెత్తబడి పురుగూ పుట్రా పైకి లేచాక కడుతుంది. నేల మీదో కింది కొమ్మ మీదో ఎండుటాకులు, గడ్డితో ఫుట్‌బాల్ లాంటి గుండ్రటి ముద్ద, పక్కన ఒక గుండ్రని వాకిలి. చూసినవాళ్ళు చెత్త కుప్ప అనుకుని దాటిపోతారు. నాలుగైదు గుడ్లు, దాదాపు గోళీల్లా గుండ్రంగా, తళతళ మెరిసే తెలుపు మీద ముదురు వంకాయ రంగు చుక్కలు.

ఇప్పుడు మీ నాయనమ్మ ప్రశ్న. శకునం పుస్తకాల్లో దీని పేరు నాకు ఎక్కడా తగల్లేదు. నేను ఆమెకైతే ఇలా చెప్తాను: అమ్మా, శ్రీశైలం నడిచి పోయే స్వాములు శివరాత్రికి మీ ఊరి మీదుగా పోతారు కదా, కాళ్ళు బొబ్బలెక్కి ఎవరైనా మీ అరుగు మీద కూలబడితే మంచిదా చెడ్డదా అని అడుగుతావా, చెంబుతో నీళ్ళిచ్చి పడుకోమంటావు. ఇదీ అంతే, దక్షిణాదికి పోయే బాటసారి, దానికి చీకటి గది ఇచ్చి పడుకోబెట్టు. మా అమ్మ బతికుండగా ఇదే మాట చెప్తే ఒప్పుకుంది, మీ నాయనమ్మా ఒప్పుకుంటుందనే నమ్మకం.

మీది అచ్చంపేట కాబట్టి ఒక అదృష్టం ఉంది, నల్లమల మీ గుమ్మం ముందే ఉంది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది, అందులో పులిని చూడటానికి అందరూ ఫర్హాబాద్ పోయి జీపులో కూర్చుంటారు. ఈ పిట్టకు జీపు అక్కర్లేదు. ఉమామహేశ్వరం మెట్ల కింద నీడ పట్టు, మన్ననూరు దగ్గర వాగు ఒడ్డు, ఎక్కడైనా ఎండుటాకు మందంగా పడి కింద కాస్త తేమ ఉంటే చాలు, పొద్దున ఐదుంపావుకు వెళ్ళి కదలకుండా కూర్చోండి. అడవి లోపలికి పర్మిషన్ లేకుండా పోవద్దు, రోడ్డు అంచున కూర్చున్నా వినిపిస్తుంది. ఒకసారి మన్ననూరులో నాతో వచ్చిన చెంచు పెద్దాయన ఈల విని ఆగి, అదే ఈల నోటితో వేసి చూపించాడు, పొదలోంచి జవాబు వచ్చింది. నేను ప్రయత్నిస్తే రాలేదు. రికార్డింగ్ ఫోన్‌లో పెట్టి పిలిచే పని మాత్రం చేయకండి, దారి మధ్యలో అలసట తీర్చుకుంటున్నదాన్ని లేనిపోని పోట్లాటకు పిలిచినట్టు అవుతుంది.

మీకు తోట ఉంటే ఇంకో చిన్న పని. ఎండాకాలం ముందు మామిడి, సీతాఫలం చెట్ల కింద ఆకులన్నీ ఊడ్చి అగ్గి పెట్టే అలవాటు మనకు ఉంది, అడవిలో కూడా ఫిబ్రవరి నుంచి మంటలు మొదలవుతాయి. ఏప్రిల్‌లో ఉత్తరానికి తిరిగి పోయే ఈ పిట్ట దిగేసరికి దాని కంచం బూడిదై ఉంటుంది. తోటంతా వదలనక్కర్లేదు, నీళ్ళు పారే కాలువ పక్కన రెండు చెట్ల కింద ఆకు అలాగే ఉంచండి, చెట్టుకు కూడా తేమ నిలుస్తుంది.

ఇక ఈ సాయంత్రం. మధ్యాహ్నానికి పెట్టెలో గీరుతున్న చప్పుడు, గెంతుతున్న చప్పుడు వస్తుంటే అది బాగుందని లెక్క. ఐదున్నర, ఆరు మధ్య, పూర్తిగా చీకటి పడకముందు, ఇంటికి దగ్గర్లో పొదలు, నీడ ఉన్న చోటికి పెట్టెతో సహా తీసుకెళ్ళండి, కుక్కలు లేని వైపు. చేత్తో పట్టుకుని గాల్లోకి విసిరేయడం సినిమాల్లో బాగుంటుంది, ఇక్కడ వద్దు. పెట్టెను నేల మీద పక్కకు ఒరిగించి, వాకిలి పొద వైపు ఉండేలా మూత తీసి పది అడుగులు వెనక్కి రండి. వెంటనే బయటికి రాకపోవచ్చు, ఐదు నిమిషాలు పట్టొచ్చు. వచ్చాక ఎగరకుండా రెండు గెంతులు వేసి ఆగుతుంది, మళ్ళీ రెండు గెంతులు. అయ్యో ఎగరలేకపోతోందని మళ్ళీ పట్టుకోబోకండి, దాని నడకే అది. పొదలోకి పోయాక కూడా కాసేపు అక్కడే ఉండండి, నాయనమ్మను కూడా తోడు తీసుకెళ్ళండి. లోపల నుంచి ఈల వినిపిస్తే టైం ఎంతయిందో ఆమెనే చూడమనండి.